బాథీనా, టెంటా, హాస్టలా: స్కాట్లాండ్ కొండల్లో మొదటి రాత్రి ఎక్కడ ఉండాలి

ఏప్రిల్ వచ్చి పొద్దు కాస్త సాగడం మొదలైందంటే చాలు, ఎడిన్‌బరా, గ్లాస్గో, డండీల నుంచి మన పిల్లల మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, కొండల్లో ఫ్రీగా ఉండటానికి ఇళ్లుంటాయంట కదా? బుకింగ్ కూడా అక్కర్లేదంట. నిజమేనా?" నిజమే. ఫీజులు, అద్దె పోగా నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలని రోజుల్లో ఆ మాట ఎంత ఊరటగా ఉంటుందో నాకు తెలుసు. నేనూ ఆ మాట పట్టుకునే మొదటిసారి కొండెక్కాను. ఆ రాత్రి సంగతి చెబుతాను గానీ, ముందు ఆ ఇళ్లేమిటో చూద్దాం.

వాటిని బాథీ అంటారు. ఒకప్పుడు గొర్రెల కాపర్లో, జింకల కాపలాదారులో ఉండి వదిలేసిన రాతి ఇళ్లు. ఎస్టేట్ యజమాని తాళం వేయకుండా వదిలేస్తాడు, దారిన పోయేవాళ్లు రాత్రికి తలదాచుకుంటారు. పాడుబడిపోతున్న ఇలాంటి ఇళ్లను నిలబెట్టడానికి 1965లో మౌంటెన్ బాథీస్ అసోసియేషన్ పుట్టింది. ఇవాళ సుమారు వంద బాథీల బాగోగులు వాళ్లే చూస్తున్నారు. దాదాపు ఏ ఇల్లూ వాళ్లది కాదు. సెలవు రోజుల్లో సిమెంటు బస్తాలు, రేకులు మోసుకెళ్లి కప్పులు బాగుచేసేది వాలంటీర్లు.

లోపల ఏముంటుందని అడిగితే, మన పొలాల్లో మోటారు షెడ్డును తలుచుకోండి. నాలుగు గోడలు, ఒక కప్పు, ఒక తలుపు. వానొస్తే ఎవరైనా దూరతారు. బాథీ అంతకన్నా ఒక్క మెట్టు పైన. పడుకోవడానికి చెక్క అరుగు ఉండొచ్చు. ఒక బల్ల, రెండు కుర్చీలు ఉండొచ్చు. అదృష్టం బాగుంటే ఇనప పొయ్యి ఉంటుంది. కరెంటు లేదు, కుళాయి లేదు, పరుపు లేదు, చాలాచోట్ల మరుగుదొడ్డి కూడా లేదు. కాపలాదారు ఉండడు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

నా సలహా ముందే చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్లకు పనికొస్తుంది. కొండల్లో ఇదే మీ మొదటి రాత్రి అయితే హాస్టల్‌కి, అంటే రాత్రికింతని డబ్బు కట్టి ఉండే సత్రం లాంటి చోటికి వెళ్లండి. ఒకటి రెండు రాత్రులు టెంట్‌లో పడుకున్న అనుభవం ఉంటే బాథీకి వెళ్లండి, కానీ ఆ టెంట్ వీపు మీద ఉండాలి. మీరు ఆరుగురో, అంతకన్నా ఎక్కువో ఉంటే బాథీ మాట మర్చిపోండి.

ఆ మధ్య మాట దగ్గరే అందరూ ఆగిపోతారు. బాథీ ఉండగా టెంట్ ఎందుకు? రెండు కిలోల బరువు తగ్గుతుందనే కదా బాథీకి వెళ్లేది? నేనూ సరిగ్గా అలాగే లెక్కేశాను.

మే నెల లాంగ్ వీకెండ్‌లో ఏడుగురం కలిసి కెయిర్న్‌గార్మ్స్ కొండల్లోని కారోర్ బాథీకి బయల్దేరాం. ఇద్దరు పట్టే టెంట్ ఒక్కటే తీసుకెళ్లాం, అదీ ఎందుకైనా మంచిదని. లిన్ ఆఫ్ డీ దగ్గర కారు ఆపి నడక మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. డెరీ లాడ్జ్ దాటాక వాన పట్టుకుంది. ఏడు గంటలకి డెవిల్స్ పాయింట్ కొండ కింద ఆ చిన్న రాతి ఇల్లు కనబడగానే మాలో ఒకడు చప్పట్లు కొట్టాడు. తలుపు తోశాం. బొగ్గుపొగ, తడి ఉన్ని సాక్సుల వాసన ఒక్కసారి ముఖాన కొట్టింది. కొవ్వొత్తి వెలుగులో పదీ పదకొండు ముఖాలు మా వైపు తిరిగాయి. నేల మీద చాప పరిచే జాగా లేదు.

ఒక్కరు కూడా 'ఖాళీ లేదు' అనలేదు. బాథీల్లో ఆ మాట అనరు, అది అక్కడి మర్యాద. వానలో తడిసి వచ్చినవాడికి ఎలాగో చోటు చేస్తారు. అందరూ బ్యాగులు గోడకి జరిపారు, ఇద్దరు లేచి తమ మ్యాట్లు ఒకదాని పక్కకి ఒకటి లాక్కున్నారు. మూలన ఉన్న ఒక పెద్దాయన, అరవై ఐదేళ్లు ఉంటాయేమో, ఆవీమోర్ నుంచి లైరిగ్ గ్రూ కనుమ దాటి నడిచొచ్చారట. ఏమీ అనకుండా తన స్లీపింగ్ బ్యాగ్ చుట్టుకుని, బయట వానలో టెంట్ వేసుకోవడానికి వెళ్లిపోయారు. వద్దు సార్ అంటే వినలేదు. ఆయన దగ్గర టెంట్ ఉంది కాబట్టి మాకు ఆ రాత్రి చోటు దొరికింది. టెంట్ ఉండాల్సింది మా దగ్గర. రాత్రంతా రేకు మీద వాన చప్పుడు వింటూ, బయట ఆయన ఎలా ఉన్నారో అనుకుంటూనే పడుకున్నాను. ఇన్నేళ్లయినా ఆ సంగతి గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

చోటు దొరక్కపోవడం ఒక్కటే కాదు, అసలు బాథీ దాకా చేరలేకపోవడం ఇంకా పెద్ద ప్రమాదం. ఈ కొండల్లోనే 1971 నవంబరులో ఎడిన్‌బరా స్కూలు పిల్లల బృందం ఒకటి కెయిర్న్‌గార్మ్ పీఠభూమి మీదకు వెళ్లింది. పైన కరన్ అనే చిన్న షెల్టర్ ఉండేది. రాత్రికి అక్కడికి చేరాలని అనుకున్నారు. రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు చేరింది. రెండో జట్టు మంచుతుఫానులో చిక్కుకుని ఆరుబయటే ఆగిపోయింది. అయిదుగురు పిల్లలు, వాళ్లతో వెళ్లిన పద్దెనిమిదేళ్ల సహాయకురాలు చనిపోయారు. పైన గూడు ఉందన్న ధైర్యమే జనాన్ని చెడు వాతావరణంలోకి లాగుతోందన్న వాదన ఆ తర్వాత బలపడింది. 1975లో కరన్‌ని పూర్తిగా తీసేశారు. మ్యాపులో ఇంటి గుర్తు కనబడగానే రాత్రికి దిగుల్లేదనుకునే ప్రతివాళ్లకూ నేను ఈ కథ చెబుతాను.

కాబట్టి టెంట్, బాథీల మధ్య పోలిక బరువు గురించి కాదు. రెండింటికీ స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్, గ్యాస్ స్టవ్, గిన్నె, హెడ్‌టార్చ్ కావాలి. రెండింటికీ అదే మోత. తేడా రాత్రి ఎలా గడుస్తుందన్న దాంట్లో ఉంది.

టెంట్‌లో మీ జాగా మీది. ఎప్పుడు పడుకున్నా, ఎప్పుడు లేచినా అడిగేవాళ్లు ఉండరు. స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం వల్ల చాలా మటుకు కొండ ప్రాంతాల్లో ఎవరి అనుమతీ లేకుండా టెంట్ వేసుకునే హక్కు మీకుంది. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లకు ఈ తేడా తెలియదు, అక్కడ చాలా మటుకు అలా కుదరదు. అయితే చిన్న గుంపుగా ఉండాలి, ఒకేచోట రెండు మూడు రాత్రులకు మించి ఉండకూడదు, ఇళ్లకూ రోడ్లకూ దూరంగా ఉండాలి. లోమండ్ సరస్సు ఒడ్డున కొన్ని చోట్ల మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా పర్మిట్ తప్పనిసరి. గ్లాస్గోకి దగ్గరని అందరూ ముందు అక్కడికే వెళతారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

టెంట్‌కి శత్రువులు రెండు. ఒకటి గాలి. రెండోది మిడ్జెస్. మన దగ్గర పండ్ల మీద ముసిరే నుసుముల్లాగా ఉంటాయి, కానీ కుడతాయి. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా, గాలి లేని సాయంత్రం చిత్తడి నేల మీద టెంట్ వేస్తే అన్నం ముద్ద నోట్లో పెట్టుకోనివ్వవు. అలాంటి సాయంత్రం బాథీ గోడలు ఎంత హాయో చెప్పలేను. వరసగా రెండు రోజులు వాన కురిసినప్పుడూ అంతే. తడి బట్టలు దండెం మీద ఆరేసుకుని, నిలబడి ప్యాంటు మార్చుకోగలగడం కూడా ఒక భోగమని అప్పుడే తెలుస్తుంది.

కానీ బాథీలో మీరు ఒంటరిగా ఉండరు. పక్కవాళ్ల గురక, తెల్లవారుజామున నాలుగింటికి కొండెక్కడానికి లేచేవాళ్ల జిప్పుల చప్పుడు, శనివారం రాత్రయితే విస్కీ, పాటలు. కొందరికి ఇదే ఇష్టం. నాకూ ఇష్టమే. ముక్కూ ముఖం తెలియని మనుషులు మ్యాపు మీద కొవ్వొత్తి పెట్టి రేపటి దారి చెబుతారు. అలా నేర్చుకున్నది నాకు ఏ యాప్‌లోనూ దొరకలేదు. కొత్తవాళ్లతో ఒకే గదిలో పడుకోవడం మీకు ఇబ్బంది అనిపిస్తే మొహమాటపడకండి. ముఖ్యంగా ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలకు చెబుతున్నాను. తలుపుకి లోపలి తాళం ఉండదు. నాకు తెలిసిన చాలామంది అమ్మాయిలు బాథీల్లో హాయిగా ఉండి వచ్చారు. అయినా తలుపు తీశాక లోపలి వాతావరణం నచ్చకపోతే వెనక్కి తిరిగి, దూరంగా వేసుకోవడానికి టెంట్ ఉండాలి. టెంట్ మోయడానికి అది ఇంకో కారణం.

ఎలుకలు ఉంటాయి. చిన్నవే, కానీ ప్లాస్టిక్ కవర్ల మీద రాత్రంతా గరగరమంటూ తిరుగుతాయి. తిండి సంచి నేల మీద పెట్టొద్దు. దూలానికి మేకులు కొట్టి ఉంటాయి, తాడు కట్టి వేలాడదీయండి. తాడు మీ దగ్గర ఉంచుకోండి.

ఇక హాస్టల్. దుప్పటి, వేడినీళ్లు, వంటగది, దాని పక్కన బట్టలు ఆరబెట్టే గది. డబ్బు కట్టాలి, ముందే బుక్ చేసుకోవాలి. కొండల్లోకి వెళ్లడమంటే కష్టపడటమే అనుకునేవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. నేను చూడను. కారు లేని స్టూడెంట్‌కి నేను మొదట చెప్పేది ఒసియన్ సరస్సు ఒడ్డున ఉన్న హాస్టలే. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లో రైలెక్కితే మూడు గంటలకు కాస్త పైగా పడుతుంది, కారోర్ స్టేషన్‌లో దిగాలి. సముద్రమట్టానికి 408 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషన్‌కి మామూలు రోడ్డు కూడా లేదు. దిగి ఒక కిలోమీటరున్నర నడిస్తే సరస్సు ఒడ్డున చెట్ల మధ్య హాస్టల్ కనబడుతుంది. పక్కనే ఉన్న బెన్ నా లాప్, మూడు వేల అడుగులు దాటిన మన్రోల్లో తేలికైన వాటిలో ఒకటి. పగలు కొండెక్కి రాత్రికి వెచ్చగా పడుకోవచ్చు. చలికాలంలో మూసేస్తారు, తేదీలు చూసుకోండి. రైళ్లు రోజుకి కొన్నే.

ఇక్కడ ఒక్క మాట. కారోర్ స్టేషన్ వేరు, కారోర్ బాథీ వేరు. పేరు ఒకటే గానీ ఒకటి పడమట రానోక్ మూర్ బీళ్లలో ఉంది, రెండోది తూర్పున కెయిర్న్‌గార్మ్స్‌లో ఉంది. రైలు దిగి బాథీ వెతకొద్దు.

సరే, టెంట్ మోస్తాం, నలుగురమే ఉన్నాం, బాథీకే వెళతాం అంటారా? మంచిది. ఏ బాథీ అన్నది తర్వాతి ప్రశ్న.

మొదటిదానికి నేను బాబ్ స్కాట్స్‌నే చెబుతాను. లిన్ ఆఫ్ డీ నుంచి గ్లెన్ లూయీ లోయలో సుమారు అయిదు కిలోమీటర్లు, ఎక్కువ భాగం జీపు దారి. గంటన్నరలో చేరతారు. నచ్చకపోయినా, ఒంట్లో బాగోలేకపోయినా చీకటి పడేలోగా కారు దగ్గరికి వచ్చేయొచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకి దీన్ని మించిన సౌకర్యం లేదు. ఆ ప్రాంతంలో వేట జంతువుల బాగోగులు చూసిన గేమ్‌కీపర్ పేరు మీద నడుస్తోంది, అగ్నిప్రమాదంలో కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. పొయ్యి ఉంది. ఆబర్డీన్ నుంచి బ్రేమార్ దాకా బస్సు ఉంది గానీ అక్కడి నుంచి లిన్ ఆఫ్ డీకి మరో పది కిలోమీటర్లు సొంతంగా చూసుకోవాలి. ఆ పది కిలోమీటర్లు లెక్కలో వేసుకోక ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను. బ్రేమార్‌లో హాస్టల్ ఉంది, మొదటి రాత్రి అక్కడ ఉండి పొద్దున్నే బయల్దేరితే నిదానంగా ఉంటుంది.

దాని తర్వాత కారోర్. లిన్ ఆఫ్ డీ నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. 1877లో జింకల కాపలాదారు కోసం కట్టిన ఇల్లు. పొయ్యి ఉంది, బాథీల్లో అరుదైన మరుగుదొడ్డి కూడా ఉంది. అందుకే రద్దీ. వారాంతంలో వెళితే లోపల చోటు దొరుకుతుందని అనుకోకుండా వెళ్లండి. దారిలో లూయీబెగ్ వాగు దాటాలి. మామూలు రోజుల్లో రాళ్ల మీద అడుగులేసి దాటేస్తారు. వాన పడ్డాక అదే వాగు మనిషిని లాక్కుపోతుంది. కాస్త ఎగువన వంతెన ఉంది, కొద్ది నిమిషాల చుట్టు. వాన పడితే మారుమాట లేకుండా వంతెన మీదుగానే వెళ్లండి.

నీళ్ల సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2024 ఏప్రిల్‌లో పిట్‌లోక్రీ దగ్గర లిన్ ఆఫ్ తమ్మెల్ జలపాతంలో డండీలో చదువుకునే ఇద్దరు ఆంధ్ర కుర్రాళ్లు నీళ్లలో పడి చనిపోయారు. అక్కడి నీరు ఎండాకాలంలో కూడా మంచులా ఉంటుంది. గోదావరిలో ఈదినవాడికైనా ఆ చలికి ఊపిరి పట్టేస్తుంది, చేతులు కాళ్లు పనిచేయవు. ఈత వచ్చు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

షెనవాల్ గురించి కూడా చాలామంది అడుగుతారు. అన్ టెలాక్ కొండ వెనక, డన్‌డానెల్ దగ్గర కోరీ హల్లీ నుంచి ఎనిమిది కిలోమీటర్లు. తలుపు తీస్తే ఎదురుగా లోయ, సరస్సు. నేను చూసిన బాథీలన్నిటిలో అందమైనది ఇదే. కానీ దారిలో కొంత బురద నేల, ముందున్న కొండలకు వెళ్లాలంటే వంతెన లేని నది దాటాలి, మరుగుదొడ్డి లేదు. రెండో ఏడాదికి ఉంచుకోండి.

నడక తక్కువ, చూపు ఎక్కువ కావాలంటే స్కై దీవి ఉత్తర కొసన లుకౌట్ ఉంది. 1928లో కోస్ట్‌గార్డ్ కాపలా కోసం కట్టిన చిన్న గది. మూడు వైపులా కిటికీలు, ఎదురుగా సముద్రం. రోడ్డు నుంచి గంటలోపు నడక. పొయ్యి లేదు. నీళ్లు కింద నుంచే మోసుకెళ్లండి. నలుగురు పడుకుంటే నిండిపోతుంది, స్కై చూడటానికి వచ్చేవాళ్లేమో వేలల్లో. పగలు వెళ్లి కూర్చుని తిమింగలాల కోసం చూసి, రాత్రికి కిందికి దిగిపోవడమే నా ఓటు.

ఏ నెలలో వెళ్లాలంటే, మేలో లేదా సెప్టెంబరులో. మగ జింకల వేటకి జులై 1 నుంచి అక్టోబరు 20 దాకా అన్న గడువు ఉండేది, 2023లో దాన్ని ఎత్తేశారు, అయినా ఆగస్టు మధ్య నుంచి వేట జోరెక్కుతుంది. ఆ రోజుల్లో కొన్ని బాథీల వాడకం మీద పరిమితులు ఉంటాయి, అసోసియేషన్ వెబ్‌సైట్‌లో ఆ బాథీ పేజీ చదివి వెళ్లండి. ఎస్టేట్ యజమాని మంచితనం మీద నడిచే ఏర్పాటు ఇది. ఆయనకు విసుగొస్తే ఇంటికి తాళం పడుతుంది. డిసెంబరులో ఏడు గంటలే పగలు, మంచు మీద నడక వేరే విద్య. నేర్చుకోకుండా వెళ్లొద్దు.

తిండి విషయంలో మనకి మన వంటిల్లే దారి చూపిస్తుంది. రవ్వ దోరగా వేయించి, తాలింపు, జీడిపప్పు, ఎండుమిర్చి, ఉప్పు అన్నీ ఇంట్లోనే కలిపి జిప్ కవర్లో పోసుకోండి. అక్కడ నీళ్లు మరిగించి పోసి మూత పెడితే అయిదు నిమిషాల్లో ఉప్మా. అటుకులు ఇంకా తేలిక. మొదటి రాత్రికి పులిహోర చేసుకెళితే వంటే అక్కర్లేదు. కారోర్‌లో ఒకసారి వేరుశనగ పొడి డబ్బా తీస్తే చుట్టూ ఉన్న అయిదుగురూ బ్రెడ్డుకి అద్దుకుని ఖాళీ చేశారు. అన్నం, పప్పు వండుదామనుకోకండి, గ్యాస్ అంతా దానికే పోతుంది. నీళ్లు పక్కనున్న వాగులోంచి, ఇంటికి ఎగువన పట్టుకోండి, మరిగించి తాగండి.

పొయ్యి ఉన్నచోటికి కట్టెలు ఉంటాయనుకుని వెళ్లకండి. చుట్టూ చెట్టు ఉండదు, ఉన్నా కొట్టకూడదు. ఒక చిన్న బొగ్గు సంచి పంచుకుని మోయండి. ఆ సాయంత్రం అందరికన్నా మీకే ఎక్కువ ఆదరణ దొరుకుతుంది.

మరుగుదొడ్డి లేనిచోట తలుపు పక్కన పార ఆనించి ఉంటుంది. ఇంటికీ నీటికీ దూరంగా, వాగు నుంచి కనీసం ముప్ఫై మీటర్లు వెళ్లి, లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. తడి తుడుపు కాగితాలు పాతిపెట్టొద్దు, అవి కుళ్లవు. కవర్లో కట్టి వెనక్కి తెచ్చుకోవాలి. మిగతా చెత్తకీ ఇదే లెక్క.

బయల్దేరే ముందు రెండు పనులు. ఫోన్లో 'రిజిస్టర్' అన్న మాటను ఇంగ్లిష్‌లో టైపు చేసి 999కి పంపండి, వచ్చిన జవాబుకి 'ఎస్' అని కొట్టండి. కాల్ కలవనంత బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఒక్కోసారి మెసేజ్ వెళుతుంది. కొండ మీద సాయం కావాలంటే ముందు పోలీసుని అడగాలి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అనాలి. రెండోది, ఏ దారిన వెళుతున్నారో, ఎన్ని గంటలకల్లా ఫోన్ చేస్తారో రూమ్మేట్‌కి రాసి ఇవ్వండి. హైదరాబాద్‌లో ఉన్న అమ్మకి చెబితే ఆమె కంగారు పడటం తప్ప ఏమీ చేయలేదు. ఇక్కడున్నవాడికి చెప్పండి.

పొద్దున్న వచ్చేటప్పుడు బూడిద చల్లారిందో లేదో చూసి పొయ్యి శుభ్రం చేయండి, చీపురు ఉంటుంది, నేల ఊడ్చండి. బల్ల మీద ఒక పుస్తకం ఉంటుంది, పేరు, తేదీ, ఎటు వెళుతున్నారో రాయండి. మీరు కనబడకుండా పోతే వెతికేవాళ్లు ముందు చూసేది ఆ పేజీనే. బయటికొచ్చాక తలుపు లాగి గొళ్లెం పడిందో లేదో ఇంకోసారి చూడండి. గాలికి తెరుచుకుంటే గొర్రెలు లోపలికి దూరతాయి, మళ్లీ అదే గాలికి తలుపు మూసుకుంటే అవి బయటికి రాలేవు.